అప్పుడే ఆత్మకథా?

పర్చూరుకు నైరుతిన ఒంగోలు, ఈశాన్యాన తెనాలి. మధ్యలో ఉన్నదంతా పత్తి, మిరప, పొగాకు, శనగ పండే నేల. పాత సినిమాల హీరోయిన్ల పుట్టూళ్లు గుర్తుపెట్టుకుని ఈ దారిన వెళ్తే ఎటు చూసినా ఒక పేరు తగులుతుంది. భానుమతి పుట్టింది ఒంగోలు దగ్గర దొడ్డవరంలో. జి.వరలక్ష్మిది ఒంగోలు. కాంచనమాలది తెనాలి ప్రాంతం, శారదది తెనాలే. జమున హంపీలో పుట్టినా పెరిగింది, నాటకాలాడింది దుగ్గిరాలలో. ఇంకొంచెం ఉత్తరానికి వెళితే సావిత్రి పుట్టిన చిర్రావూరు. నిర్మాతల్లోనూ ఈ నేల వాటా తక్కువేం కాదు. పర్చూరు పక్కనున్న కారంచేడు డి.రామానాయుడి సొంతూరు. విజయా సంస్థలో కథల బరువు మోసిన చక్రపాణి తెనాలి మనిషి.

ఇంతమంది ఇక్కడివాళ్లే. వీళ్ల సినిమాలు చూడని ఇల్లు ఈ పల్లెల్లో కనిపించదు. కానీ ఆ హీరోయిన్లలో తమ కథ తామే చెప్పుకున్నవాళ్లు ఎంతమంది అని లెక్కపెడితే ఒక చేతి వేళ్లు కూడా నిండవు.

మగవాళ్ల సంగతి కాస్త నయం. తెనాలి దగ్గరి రావికంపాడులో పుట్టిన గుమ్మడి ‘తీపి గుర్తులు చేదు జ్ఞాపకాలు’ రాశారు. ముళ్లపూడి వెంకటరమణ ‘కోతి కొమ్మచ్చి’ తెలుగిళ్లలో పండగలా చదివారు. నటుల, దర్శకుల, రచయితల జ్ఞాపకాల్లో హీరోయిన్లు వస్తూ పోతూ ఉంటారు. ఫలానా రోజు షూటింగుకు ఆలస్యంగా వచ్చింది, ఫలానా సీను ఒక్క టేకులో చేసింది, ఫలానా ఆయన్ని పెళ్లి చేసుకుంది. ఆ రోజు ఆమె ఇంట్లో ఏం జరిగిందో, ఆ సినిమాకిచ్చిన డబ్బు ఎవరి చేతికి వెళ్లిందో, ఆ పెళ్లికి ఆమె ఎందుకు సరేనందో ఆమె నోరు విప్పితేనే తెలుస్తుంది. అందుకే నటీమణులు రాసిన పుస్తకాలను, అందులోనూ వాళ్లు చిన్నవయసులో ఉన్న రోజుల గురించి రాసిన పేజీలను, శ్రద్ధగా చదవాల్సిన అవసరం ఉంది.

ఈ పదేళ్లలో ఇంగ్లీషులో యువతారల ఆత్మకథలు వరసగా వచ్చాయి. ముప్పై ఏళ్ల నటి పుస్తకం రాసిందనగానే మన దగ్గర వినిపించే మొదటి మాట ‘అప్పుడే ఆత్మకథా? ఏం చూసిందని?’ పైకి న్యాయంగానే ఉన్నా, ఈ మాట నటి బతుకు మీద కుదరదు. డాక్టరు ముప్పై ఏళ్లకు ప్రాక్టీసు మొదలుపెడతారు, లెక్చరరు ఆ వయసుకు ఉద్యోగంలో కుదురుకుంటారు. నటికి అప్పటికే పదిహేనేళ్ల సర్వీసు పూర్తయి ఉంటుంది. ఆ వయసులోనే ఆమె పక్కన వదిన పాత్రల కబుర్లు మొదలవుతాయి. ఆమె పనికి వయసు లెక్క కట్టేది పరిశ్రమే అయినప్పుడు, ఆమె కథకు మాత్రం ఇంకా వయసు రాలేదనడం ఎలా సబబు?

భానుమతి విషయమే చూడండి. 1925 సెప్టెంబరులో పుట్టారు. సి.పుల్లయ్య తీసిన ‘వరవిక్రయం’ 1939లో విడుదలైంది. అప్పటికి ఆ అమ్మాయికి పదమూడేళ్లు. పద్దెనిమిది నిండకముందే, 1943 ఆగస్టులో, పి.ఎస్.రామకృష్ణారావుతో పెళ్లి. ఇరవై రెండేళ్లకు సొంత సంస్థ భరణీ పిక్చర్స్ మీద మొదటి సినిమా ‘రత్నమాల’. ఇరవై ఎనిమిదో ఏట ‘చండీరాణి’ని తెలుగు, తమిళం, హిందీ మూడింటిలోనూ సొంత దర్శకత్వంలో విడుదల చేశారు. తెలుగులో తొలి మహిళా దర్శకురాలు ఆమే. ముప్పై రాకముందే నటి, గాయని, నిర్మాత, దర్శకురాలు, స్టూడియో యజమానురాలు. ఆ రోజే ఆమె ఆత్మకథ రాసుంటే ‘ఏం చూసిందని’ అనగల మనిషి మద్రాసు మొత్తం వెతికినా దొరికేవాడు కాదు.

ఆమె ‘నాలో నేను’ మాత్రం చాలా ఏళ్ల తర్వాత వచ్చింది. సినిమా మీద వచ్చిన ఉత్తమ గ్రంథంగా జాతీయ చలనచిత్ర పురస్కారం అందుకుంది. ‘అత్తగారి కథలు’ రాసిన కలం కాబట్టి చదివించే గుణానికి కొదవ లేదు. పాఠకులు సాధారణంగా ఆ పుస్తకంలో ప్రేమకథ కోసం వెతుకుతారు. అందులో తప్పేమీ లేదు, అది నిజంగా మంచి ప్రేమకథ. అయితే మొదటి భాగంలో ఉన్న తండ్రి మీద ఎక్కువ దృష్టి పెట్టడం మంచిది.

ఆ తండ్రి బొమ్మరాజు వెంకటసుబ్బయ్య సంగీతమన్నా నాటకమన్నా ప్రాణం పెట్టే మనిషి. కూతురికి పాట నేర్పించింది, సినిమాకు పంపింది ఆయనే. దొడ్డవరం అప్పట్లో గుంటూరు జిల్లాలో ఉండేది. ప్రకాశం జిల్లా 1970లో కదా పుట్టింది. ఆ ఊరి నుంచి ఒక బ్రాహ్మణ బాలికను సినిమా తీయడానికి కలకత్తా తీసుకెళ్లడమంటే 1938–39 నాటికి చిన్న తెగువ కాదు. ఆ తెగువకు ఆయన కట్టిన కంచె కూడా చెప్పుకోవాలి. హీరో తన కూతుర్ని ముట్టుకోకూడదు, కౌగిలించుకోకూడదు అని నిర్మాతలకు ముందే షరతు పెట్టేవారు. ఆ షరతులోనే రెండు సంగతులు ఇమిడి ఉన్నాయి. పిల్లను కాపాడుకునే తండ్రి ఒకటి. పిల్ల తరఫున బేరం చేసే అధికారం పూర్తిగా తండ్రిదే కావడం రెండోది. భానుమతికి తండ్రి మీద ఉన్న గౌరవం, భయం, అలక ఈ మూడూ కలగలిసిన చోటే ఆమె జ్ఞాపకాలు బలంగా ఉంటాయి.

ఆమె తొలి పాత్ర కాళింది. కాళ్లకూరి నారాయణరావు నాటకంలో కట్నం పెళ్లిని భరించలేక ప్రాణం తీసుకునే పెద్దకూతురు. చెల్లెలు కమలగా పుష్పవల్లి నటించింది. పెళ్లి బేరంలో తన మాటకు చోటు లేని పిల్ల పాత్రను, తన సంతకం తాను పెట్టుకోలేని పదమూడేళ్ల పిల్ల వేసింది. అయిదేళ్లు తిరక్కుండానే ‘కృష్ణప్రేమ’ సెట్టు మీద ఆ అమ్మాయి ఒక అసిస్టెంట్ డైరెక్టరును చూసి, చేసుకుంటే ఇతన్నే అని పట్టుబట్టింది. ఆస్తీ హోదా లేని అల్లుడు తండ్రికి నచ్చలేదు. పెళ్లి జరిగిపోయింది. పెళ్లయ్యాక సినిమాలు మానేసి ఇల్లు చూసుకుందామనుకుంది. బి.ఎన్.రెడ్డి ‘స్వర్గసీమ’ కోసం అడిగి, ఒప్పించి మళ్లీ తెరమీదికి తెచ్చారు. వీధిలో ఆటలాడే సుబ్బి నుంచి రంగస్థల తార సుజాతాదేవిగా మారే ఆ పాత్రే 1945లో ఆమెను శిఖరం మీద కూర్చోబెట్టింది.

ఈ వరసను మామూలుగా ‘భానుమతి ధైర్యం’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. పుస్తకంతో చదివితే అది ఒక్క రోజులో వచ్చిన ధైర్యం కాదని అర్థమవుతుంది. తండ్రి బేరం చేసే చోట కూర్చుని బేరం ఎలా చేయాలో చూసి నేర్చుకున్న పిల్ల, తన జీవితంలో మొదటి పెద్ద బేరం తండ్రితోనే పెట్టుకుంది. తర్వాత నిర్మాతలతో ఆమె మాట్లాడిన తీరుకు అక్కడే పునాది పడింది.

ఆ తీరు అందరికీ నచ్చలేదు. ‘మిస్సమ్మ’ సంగతి తెలియని తెలుగు సినిమా అభిమాని ఉండడు. మేరీ పాత్రకు మొదట తీసుకున్నది భానుమతిని. కొన్ని రీళ్లు తీశారు కూడా. ఒకరోజు షూటింగుకు ఆలస్యమైన విషయంలో చక్రపాణితో మాటా మాటా పెరిగింది. క్షమాపణ రాయమన్నారు, ఆమె రాయలేదు. తీసిన రీళ్లు బుట్టదాఖలయ్యాయి. చెల్లెలు పాత్రకు అనుకున్న సావిత్రి మేరీ అయింది. ఆ చెల్లెలు పాత్ర జమునకు వెళ్లింది. 1955లో సినిమా వచ్చింది; మిగతాది చరిత్ర.

ఈ ఒక్క సినిమా చుట్టూ ఉన్న నలుగురూ, పాత్ర వదులుకున్నామె, అందుకున్నామె, చెల్లెలుగా వచ్చినామె, పట్టు విడవని నిర్మాత, ఈ గుంటూరు సీమ మనుషులే. ఆ రోజు గురించి సినిమావాళ్లు డెబ్భై ఏళ్లుగా చెబుతున్న కథలో భానుమతి పొగరు ఒక పాత్ర. ఆ కథకు ఇంకో వైపు ఉందని మనకు తెలియడానికి కారణం భానుమతికి కలం ఉండటం, నోరు ఉండటం. జమున కూడా తర్వాత ‘జమునాతీరం’ పేరుతో తన జీవితం చెప్పుకున్నారు. ముగ్గురిలో మిగిలింది సావిత్రి.

సావిత్రి పుస్తకం రాయలేదు.

ఇది మామూలు లోటు కాదు. తెలుగులో అందరికంటే ఎక్కువగా ఎవరి జీవితం గురించి మాట్లాడుకున్నామో ఆ మనిషి మాట మన దగ్గర లేదు. చిన్నప్పుడే తండ్రి పోయాడు, పెదనాన్న చేయి పట్టుకుని నాటకాలకు, అక్కడి నుంచి మద్రాసుకు తీసుకెళ్లాడు. ‘సంసారం’లో చేతికొచ్చిన పెద్ద పాత్ర జారిపోయింది, ‘పాతాళభైరవి’లో ఒక్క నాట్యం దక్కింది. ఆ తర్వాత ‘దేవదాసు’ పార్వతి, ‘మిస్సమ్మ’ మేరీ. 1968లో ఆడవాళ్ల బృందంతో ‘చిన్నారి పాపలు’ తీశారు. 1981 డిసెంబరు 26న, ఏడాదిన్నరకు పైగా కోమాలో ఉండి, వెళ్లిపోయారు. ఇవన్నీ ఇతరులు చెప్పిన సంగతులు. రచయిత్రి పల్లవి ఓపికగా సేకరించి పుస్తకం రాశారు. 2018లో నాగ్ అశ్విన్ ‘మహానటి’ తీశారు, కీర్తి సురేష్‌కు జాతీయ ఉత్తమ నటి పురస్కారం వచ్చింది. ఆ సినిమాలో సావిత్రి కథ ఎలా బయటికొస్తుందో గుర్తు చేసుకోండి. సమంత వేసిన మధురవాణి అనే విలేకరి ఇంటింటికీ తిరిగి, ఆమెను ఎరిగిన వాళ్లను అడిగి తెలుసుకుంటుంది. దర్శకుడికి వేరే దారి లేదు. పదహారేళ్ల సావిత్రి ఆ పెదనాన్న గురించి ఏమనుకుందో, మొదటి పెద్ద చెక్కు ఎవరి ఖాతాలో పడిందో, జెమినీ గణేశన్‌తో పెళ్లి సంగతి దాచమన్నది ఎవరో ఆమె గొంతులో వినే అవకాశం పోయింది.

సావిత్రి వెళ్లిన సంవత్సరమే, పదకొండు నెలల ముందు, కాంచనమాల కూడా పోయారు. 1938లో ‘గృహలక్ష్మి’, ‘మాలపిల్ల’. తర్వాత ‘వందేమాతరం’, ‘ఇల్లాలు’, ‘బాలనాగమ్మ’. ఆమె బొమ్మ ఉన్న క్యాలెండర్లు ఇళ్లలో పెట్టుకున్న రోజులవి. జెమినీ వారితో కాంట్రాక్టు తగువు తర్వాత తెరమీద దాదాపు కనిపించకుండా పోయారు, మనసు చెదిరి మిగిలిన జీవితం గడిపారు. ఆ కాంట్రాక్టులో ఏముందో, ఆమె చదివే సంతకం పెట్టిందో లేదో ఆమె నుంచి మనకు ఒక్క వాక్యం అందలేదు. అందం గురించి మాత్రం కావలసినన్ని వ్యాసాలున్నాయి.

కృష్ణా తీరం దాటి, ఏలూరు దగ్గరి కొవ్వలికి వెళితే ఇదే కథ. అక్కడి విజయలక్ష్మి సిల్క్ స్మిత అయింది, 1996లో ముప్పై అయిదేళ్లకు చనిపోయింది. ఆమె జీవితం ఆధారంగా అంటూ 2011లో హిందీలో వచ్చిన సినిమా ఎందరికో పేరు తెచ్చిపెట్టింది. ఆమె రాసిన పేజీ ఒక్కటీ లేదు.

జమున కథలో ఇంకో సంగతి ఉంది. పదహారో ఏట గరికపాటి రాజారావు ‘పుట్టిల్లు’తో తెరకు వచ్చిన దుగ్గిరాల అమ్మాయి, కొద్ది ఏళ్లకే తెలుగులో ఇద్దరు పెద్ద హీరోల ఆగ్రహానికి గురైంది. వాళ్లు తమ సినిమాల్లో ఆమెను వద్దన్నారు. కొన్నేళ్లు అలాగే గడిచాయి. చివరికి విజయావారు పూనుకుని అందర్నీ కూర్చోబెట్టాకే 1962లో ‘గుండమ్మ కథ’లో ముగ్గురూ కలిశారు. ఈ విషయం గురించి జమున తన చివరి రోజుల దాకా, 2023 జనవరిలో కన్నుమూసే వరకు, ఎక్కడ అడిగినా తల వంచకుండా చెప్పారు. ఇరవై ఏళ్ల ప్రాయంలో పని పోతుందని తెలిసీ తగ్గకపోవడం ఏమిటో అర్థం కావాలంటే, అప్పుడామె ఇంటి ఖర్చులు ఏమిటి, హరనాథ్ లాంటి ఇతర హీరోలతో చేసిన సినిమాలు ఆమెను ఎలా నిలబెట్టాయి అన్నవి కూడా తెలియాలి. ఆత్మకథ పనికొచ్చేది అక్కడే. పౌరుషం కబుర్లలో కనిపించని బియ్యం, అద్దె, అప్పుల లెక్కలు పుస్తకంలో దొరికే అవకాశం ఉంది.

మన దేశంలోని వేరే భాషలు ఈ విషయంలో ముందున్నాయి. బెంగాలీ రంగస్థల నటి వినోదిని దాసి ‘అమార్ కథ’ 1912 నాటిది. ఇరవై మూడు, ఇరవై నాలుగేళ్లకే రంగస్థలం వదిలేసిన మనిషి ఆమె. ఆమె పేరు పెడతామని మాటిచ్చి, ఆమె చేసిన త్యాగంతో 1883లో కట్టిన నాటకశాలకు స్టార్ థియేటర్ అని పేరు పెట్టారు. గురువు గిరీశ్ చంద్ర ఘోష్ ఆమె పుస్తకానికి రాసిచ్చిన ముందుమాటలో నిజమంతా లేదని ఆమె తిప్పి పంపింది. గురువంతటి వాడికి అలా చెప్పగలిగింది. స్టార్ థియేటర్‌కు ఆమె పేరు పెడుతున్నట్టు బెంగాల్ ప్రభుత్వం ప్రకటించింది 2024 చివర్లో, నూట నలభై ఏళ్లకు. మరాఠీలో హంసా వాడ్కర్ 1970లో ‘సాంగత్యే ఐకా’ తెచ్చింది. చిన్నపిల్లగా ఇల్లు గడపడానికి సినిమాల్లో పెట్టిన పిల్ల ఆమె. విలేకరి అరుణ్ సాధు ఆమె చెప్పగా రాసుకున్నారు. శ్యామ్ బెనెగల్ ‘భూమిక’కు ఆ పుస్తకమే ఆధారం. మలయాళంలో షకీలా ఆత్మకథ 2013లో వచ్చింది. తెలుగులో అన్ని సినిమాల్లో నటించిన మనిషి తన బతుకు కథ చెప్పడానికి ఎంచుకున్న భాష మలయాళం కావడం తెలుగు ప్రచురణకర్తలు ఆలోచించాల్సిన విషయం.

ఇక ఇంగ్లీషు పుస్తకాలు. డ్రూ బారీమోర్ ‘లిటిల్ గర్ల్ లాస్ట్’ 1990లో వచ్చేసరికి ఆమెకు పద్నాలుగు, పదిహేనేళ్లు. ఏడేళ్లకు ‘ఈటీ’లో ప్రపంచమంతా చూసిన పాప, పన్నెండు, పదమూడేళ్లకు తాగుడు, మత్తు వదిలించుకునే ఆసుపత్రిలో ఉంది. ఇంకో రచయిత సాయంతో రాసినా అందులో వినిపించే గొంతు పిల్లదే. అందుకే పెద్దవాళ్ల ఆత్మకథల్లో దొరకని గందరగోళం అందులో దొరుకుతుంది.

వాటన్నిటిలోకీ తప్పక చదవాల్సింది జెన్నెట్ మెకర్డీ 2022లో, ముప్పై ఏళ్ల వయసులో, రాసింది. ‘అమ్మ చనిపోయినందుకు సంతోషంగా ఉంది’ అనే అర్థం వచ్చే ఆ పుస్తకం పేరు వినగానే తెలుగు పాఠకులకు గుండె కలుక్కుమంటుంది. పేరు చూసి పక్కన పెట్టేయకుండా చదవాలి. ‘ఐకార్లీ’ అనే పిల్లల టీవీ సీరియల్‌తో పేరు తెచ్చుకున్న నటి ఆమె. ఆరేళ్లకు నటనలో పెట్టింది తల్లి. నటి కావాలన్న కోరిక తల్లిది. పదకొండేళ్లప్పుడు పిల్ల శరీరం ఎదగకుండా తిండి కొలిచి పెట్టడం నేర్పింది తల్లే. ఆ పిల్లకది ప్రేమలాగే అనిపించింది. తల్లీకూతుళ్లు కలిసి చేసే రహస్యమైన పనిలా ఆనందంగా కూడా అనిపించింది. తల్లి క్యాన్సర్‌తో 2013లో పోయింది. టీవీ సంస్థలో తనకు జరిగిన వాటి గురించి బయట మాట్లాడకుండా ఉంటే మూడు లక్షల డాలర్లు ఇస్తామన్నారనీ, తాను తీసుకోలేదనీ ఆమె రాసింది.

ఈ పుస్తకం గొప్పదనం తల్లిని తిట్టడంలో లేదు. చిన్నప్పటి అధ్యాయాలను ఆమె చిన్నపిల్ల బుద్ధితోనే, వర్తమాన కాలంలో, తల్లిని ఆరాధిస్తూ రాసింది. తప్పు ఎక్కడుందో పాఠకుడికి ముందు తెలుస్తుంది, ఆ పిల్లకు తర్వాత తెలుస్తుంది. అలా రాయాలంటే ఆ వయసు ఇంకా ఒంటికి అంటుకుని ఉండాలి. డెబ్భై ఏళ్లకు రాస్తే తల్లిని క్షమించేసి, రెండు పేరాల్లో దాటిపోయి ఉండేదేమో. ‘అప్పుడే ఆత్మకథా’ అన్న ప్రశ్నకు ఈ పుస్తకాన్ని మించిన జవాబు కనిపించదు.

క్యారీ ఫిషర్ పుస్తకం ఇదే సంగతిని ఇంకోలా చూపిస్తుంది. 1976లో ‘స్టార్ వార్స్’ షూటింగు రోజుల్లో, పంతొమ్మిదేళ్లప్పుడు, రాసుకున్న డైరీలు నలభై ఏళ్ల తర్వాత ఇంట్లో దొరికాయి. అరవై ఏళ్ల మనిషి వాటిని 2016లో ‘ది ప్రిన్సెస్ డైరిస్ట్’లో చేర్చి, పక్కన తన మాట రాసింది. డైరీలో అమ్మాయి ఏడుస్తుంటుంది, చుట్టూ పెద్దామె నవ్విస్తుంటుంది. రెండూ ఒకే మనిషి, ఒకే విషయం. మొదటిది చేతిలో లేకపోతే రెండోదే నిజమని నమ్మేవాళ్లం.

తెలుగుతో కాస్త పరిచయమున్న వాళ్లూ రాశారు. మహేశ్‌బాబు పక్కన ‘టక్కరి దొంగ’లో నటించిన లీసా రే 2019లో ‘క్లోజ్ టు ది బోన్’ రాసింది. రక్త క్యాన్సర్‌తో పోరాడిన రోజులతో పాటు, మోడలింగ్ రోజుల్లో ఒంటిని చిక్కించుకోవడానికి తనను తాను ఎంత హింసించుకుందో అందులో ఉంది. ‘క్రిమినల్’లో నాగార్జునతో నటించిన మనీషా కొయిరాలా ‘హీల్డ్’ 2018లో వచ్చింది. ప్రియాంకా చోప్రా ‘అన్‌ఫినిష్డ్’ 2021లో, ముప్పై ఎనిమిదేళ్లప్పుడు. ఇందులో చాలా పేజీలు ఇస్త్రీ చేసినట్టు నున్నగా ఉంటాయి. మధ్యలో ముక్కు ఆపరేషన్ కథ వస్తుంది. ప్రపంచ సుందరి కిరీటం వచ్చిన తర్వాత ముక్కులో కండ తీయించుకోబోతే ఎముక దెబ్బతిని ముఖం మారిపోయింది, చేతిలో ఉన్న సినిమాలు జారిపోయాయి. అద్దంలో తన ముఖం తనకే కొత్తగా కనిపించిన అమ్మాయి అక్కడ నిజంగా కనిపిస్తుంది. పేరున్న తారల పుస్తకాలను ఇలాంటి పేజీల కోసం చదవాలి. ప్రచారం కోసం రాయించుకున్న వాటిలోనూ ఒకటి రెండు చోట్ల మనిషి బయటపడుతుంది.

పర్చూరులో ఇంటర్ చదివే అమ్మాయికి ఈ పుస్తకాలతో ఏం పని అని ఎవరైనా అడగవచ్చు. మిరపకోతల కాలంలో ఈ ఊళ్లలో ఆడవాళ్ల కూలి డబ్బు ఎవరి చేతికొస్తుంది, అడ్వాన్సు ఎవరు తీసుకుంటారు, పిల్ల కాలేజీ మానాలా వద్దా ఎవరు తేలుస్తారు అన్నవి ప్రతి ఇంట్లోనూ ఉన్న ప్రశ్నలే. దొడ్డవరం నుంచి కలకత్తా వెళ్లిన పదమూడేళ్ల పిల్లవీ అవే ప్రశ్నలు. కాలిఫోర్నియాలో కేలరీలు లెక్కపెట్టిన పదకొండేళ్ల పిల్లవీ అవే. తారల పుస్తకంలో నగలూ కార్లూ దాటి ఆ భాగం దాకా వెళ్లిన పాఠకురాలికి అది పరాయి కథలా అనిపించదు.

ఈ తరం తెలుగు తారలు పుస్తకాలకన్నా ఫోను తెర మీదే మాట్లాడుతున్నారు. సమంత తనకు మయోసైటిస్ ఉందని 2022 అక్టోబరులో ఇన్‌స్టాగ్రామ్‌లో చెప్పారు. చేతికి సెలైన్ పెట్టుకుని ‘యశోద’కు డబ్బింగ్ చెబుతున్న ఫొటో అది. 2024లో ఆరోగ్యం మీద ‘టేక్ 20’ పాడ్‌కాస్ట్ మొదలుపెట్టారు. అదే ఏడాది ఆగస్టులో మలయాళ పరిశ్రమ మీద హేమ కమిటీ నివేదిక బయటికొచ్చాక, తెలుగు పరిశ్రమలో మహిళల వేధింపులపై తెలంగాణ ప్రభుత్వం వేసిన కమిటీ నివేదికను కూడా ప్రచురించమని బహిరంగంగా అడిగారు. ఒకప్పుడు తెరమీద సావిత్రి కథ వెతుక్కుంటూ తిరిగిన విలేకరి ఆమే. ఒక పోస్టుకు ఉండే వేగం పుస్తకానికి ఉండదు. ఒక పుస్తకంలో పట్టే తడబాటు, తిరిగి ఆలోచించుకోవడం, తల్లితోనో తండ్రితోనో పాత లెక్క తేల్చుకోవడం ఆ కొద్ది వాక్యాల పోస్టులో పట్టవు. ఈ తరంలో ఎవరో ఒకరు, వయసు గురించిన వెటకారం పట్టించుకోకుండా, ఇప్పుడే కూర్చుని రాస్తే బాగుంటుంది. తెలుగులో రాస్తే మరీ బాగుంటుంది.

వాళ్లు రాసేదాకా చేయగల పని ఒకటి మనకు దగ్గర్లోనే ఉంది. చీరాల పక్కన వేటపాలెంలో సారస్వత నికేతనం 1918 నుంచి నడుస్తోంది. గాంధీ వచ్చివెళ్లిన గ్రంథాలయం అది. పాత తెలుగు పత్రికలను భద్రంగా దాచిన చోటుగా పరిశోధకులకు దానికి ఎంత పేరుందో ఈ చుట్టుపక్కల వాళ్లకు చెప్పనక్కర్లేదు. టాకీల తొలి దశాబ్దాల్లో సినిమా పత్రికలే కాదు, మామూలు వారపత్రికలు కూడా తారలతో మాట్లాడేవి, వాళ్ల చేత రాయించేవి. పుస్తకం రాయని నటీమణులు ఇరవై ఏళ్ల వయసులో మాట్లాడిన మాటలేవైనా మిగిలుంటే ఆ కాగితాల్లోనే మిగిలుంటాయి. పర్చూరు, చీరాల, బాపట్ల కాలేజీల తెలుగు విద్యార్థులు పంచుకుని చూస్తే ఒక వేసవి సెలవుల పని. మొదలుపెట్టాల్సింది కాంచనమాలతో. 1938 నుంచి 1942 దాకా వచ్చిన సంచికల్లో ఆమె గురించి ఇతరులు రాసినవి పక్కన పెట్టి, ఆమె చెప్పినట్టుగా అచ్చయిన ప్రతి వాక్యాన్నీ తేదీతో సహా విడిగా రాసుకోవాలి.